అమెరికాలో పిల్లలకు వేసవి భోజన కేంద్రం ఎలా నడపాలి: మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి క్లెయిమ్ దాకా

అమెరికాలో బడులు నడిచే రోజుల్లో సుమారు 3 కోట్ల మంది పిల్లలు మధ్యాహ్నం బడిలోనే తింటారు. వాళ్లలో చాలామందికి అది ఉచితం, లేదా నామమాత్రపు ధర. జూన్‌లో బడికి తాళం పడగానే ఆ భోజనం ఆగిపోతుంది. ఇంటి అద్దె మాత్రం ఆగదు, అమ్మానాన్నల షిఫ్టులు ఆగవు. ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వం దగ్గర పథకం ఉంది, డబ్బూ ఉంది. చాలా పేటల్లో లేనిది దాన్ని నడిపే మనుషులే.

ఆ మనుషులు మీరు కావచ్చు. తెలుగు సంఘమైనా, గుడి అయినా, చర్చి అయినా, మసీదు అయినా, లైబ్రరీలో వాలంటీర్లుగా పనిచేసే నలుగురు స్నేహితులైనా సరే. మతసంస్థలు కూడా ఈ పథకంలో చేరవచ్చు. వచ్చిన ప్రతి బిడ్డకూ మతం, జాతి, భాష చూడకుండా ఒకేలా వడ్డించాలి, అంతే.

ఆ పథకం పేరు సమ్మర్ ఫుడ్ సర్వీస్ ప్రోగ్రామ్. బడి భోజనానికి 1946లోనే అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో చట్టం వచ్చింది. వేసవి భోజనం 1968లో ప్రయోగంగా మొదలై, 1975లో విడి పథకమైంది. ఈ మధ్య దీన్ని సన్ మీల్స్ అని కూడా పిలుస్తున్నారు. డబ్బు కేంద్ర వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏది. దాన్ని పంచి, తనిఖీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు భోజనం ఉచితం.

పనిలోకి దిగేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఇది ముందే చేతికిచ్చే గ్రాంటు కాదు. నియమాల ప్రకారం వడ్డించిన ఒక్కో భోజనానికి లెక్కగట్టి, తర్వాత ఇచ్చే డబ్బు. నియమం అంటే సరైన తిండి, సరైన వేడి, సరైన సమయం, సరైన లెక్క. వీటిలో ఒకటి తప్పినా పిల్లల ఆరోగ్యానికి ముప్పు రావచ్చు, లేదా ఆ భోజనం డబ్బు పోవచ్చు. ఒక్కోసారి రెండూ జరుగుతాయి. అందుకే భద్రత ఒకరికి, ఖర్చుల లెక్క ఇంకొకరికి అప్పగించి ఎవరి పని వాళ్లు చూసుకుందాం అనుకోకండి. వడ్డించే బల్ల దగ్గర ఉండే ఒకే అట్టమీద థర్మామీటర్ రీడింగూ ఉండాలి, భోజనాల సంఖ్యా ఉండాలి.

మొదటి అడుగు: స్పాన్సరా, సైటా?

ఈ పథకంలో రెండు పాత్రలున్నాయి. స్పాన్సర్ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంటాడు, శిక్షణ ఇస్తాడు, సైట్లను తనిఖీ చేస్తాడు, వడ్డించిన భోజనాల లెక్క (దాన్నే క్లెయిమ్ అంటారు) పంపి డబ్బు తీసుకుంటాడు. సైట్ అంటే పిల్లలు వచ్చి తినే చోటు. స్కూల్ డిస్ట్రిక్టులు, ఊరి ప్రభుత్వాలు, క్యాంపులు, పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు స్పాన్సర్ కావచ్చు.

నా సలహా ఒక్కటే. మొదటి వేసవి మీరు సైట్‌గా మాత్రమే ఉండండి. మీ దగ్గర్లో ఇప్పటికే స్పాన్సర్‌గా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టునో ఫుడ్ బ్యాంకునో వెతకండి. వాళ్లు వండిన భోజనం మీ దగ్గరికి పంపిస్తారు. మీరు చోటు, మనుషులు, శుభ్రత, లెక్క చూసుకుంటారు. స్పాన్సర్ కావాలంటే ఆర్థికంగా నిలబడగలరని, పాలన చూసుకోగలరని, లెక్క చెప్పగలరని రాష్ట్రానికి రుజువులు చూపించాలి. ఆడిట్‌కి తట్టుకునే అకౌంటింగ్ కావాలి, ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్ సామ్ డాట్ గవ్ (SAM.gov)లో రిజిస్ట్రేషన్ కావాలి. అనుభవం లేకుండా ఇవన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్న మంచి సంస్థలు జూలై మధ్యకే అలసిపోతాయి. నష్టపోయేది పిల్లలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జనవరిలో. కేంద్రం నియమం ప్రకారం స్పాన్సర్ దరఖాస్తుకి ఆఖరి తేదీ జూన్ 15. రాష్ట్రాలు అంతకన్నా ముందు తేదీలు పెట్టుకోవచ్చు, చాలా చోట్ల అలాగే పెడతారు. ఏ శాఖకి ఫోన్ చేయాలన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్, న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో రాష్ట్ర వ్యవసాయ శాఖ చూస్తుంది. కాలిఫోర్నియాలో విద్యా శాఖ చూస్తుంది. ఆ శాఖలో సమ్మర్ మీల్స్ చూసే మనిషిని అడిగి, మీ కౌంటీలో ఉన్న స్పాన్సర్ల జాబితా తీసుకోండి. అదే మీ మొదటి ఫోన్ కాల్.

రెండో అడుగు: మీ చోటు పథకానికి సరిపోతుందా?

మన సంఘాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. అందరికీ తలుపు తెరిచి ఉంచే కేంద్రాన్ని ఓపెన్ సైట్ అంటారు. దానికి అనుమతి రావాలంటే ఆ ప్రాంతంలో కనీసం 50 శాతం మంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు ధర బడి భోజనానికి అర్హులై ఉండాలి. దీన్ని దగ్గరి బడి లెక్కలతో చూపించవచ్చు, లేదా సెన్సస్ లెక్కలతో చూపించవచ్చు. యూఎస్‌డీఏ వెబ్‌సైట్‌లో దీనికోసమే ఒక మ్యాప్ ఉంది. చిరునామా కొడితే తెలిసిపోతుంది.

మన గుళ్లు, సంఘాల హాళ్లు ఎక్కువగా సబర్బ్‌లలో ఉంటాయి కాబట్టి మ్యాప్‌లో ఆ చోటు అర్హత లేనిదిగా రావచ్చు. అలా వస్తే నిరాశపడి వదిలేయకండి. హాలు మీది కానవసరం లేదు. పది మైళ్ల దూరంలో ఉన్న లైబ్రరీ, పార్కులోని రిక్రియేషన్ సెంటర్, తక్కువ ఆదాయ కుటుంబాలుండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ క్లబ్‌హౌస్, వీటిలో ఏదో ఒకటి అర్హత ఉన్న చోట ఉంటుంది. వాళ్ల దగ్గర చోటుంది, మనుషులు లేరు. మీ దగ్గర మనుషులున్నారు. నిజానికి పిల్లలు నడిచి రాగలిగే చోటు మంచి హాలుకంటే మేలు. కారు లేని ఇంట్లో పిల్లలు మూడు మైళ్ల దూరంలోని భోజనానికి రాలేరు.

ప్రాంతానికి అర్హత లేకపోయినా మరో దారి ఉంది. మీరు నడిపే క్యాంపులోనో ట్యూషన్ కార్యక్రమంలోనో పేరు నమోదు చేసుకున్న పిల్లల్లో సగంమంది అర్హులైతే, వాళ్లకు మాత్రమే వడ్డించే సైట్‌గా అనుమతి అడగవచ్చు. అప్పుడు కుటుంబాల ఆదాయ ఫారాలు తీసుకోవాలి. ఆ కాగితాలు తాళం వేసిన సొరుగులో ఉండాలి, వాలంటీర్లందరి కంటపడకూడదు.

పల్లె ప్రాంతమైతే మరో వెసులుబాటు. మామూలుగా పిల్లలు సైట్‌లోనే కూర్చుని తినాలి. 2022 డిసెంబరు చివర వచ్చిన చట్టంతో, అందరూ ఒకచోట చేరడం కష్టమైన పల్లె ప్రాంతాల్లో, భోజనం ఇంటికి పట్టుకెళ్లే ఏర్పాటుకి శాశ్వతంగా అనుమతి దొరికింది. అదే చట్టంతో వేసవిలో అర్హత ఉన్న ఒక్కో బిడ్డకు 120 డాలర్ల కిరాణా సాయం 2024 నుంచి వస్తోంది, పేరు సన్ బక్స్. అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరలేదు. మీ రాష్ట్రం చేరి ఉంటే, మీ సైట్‌కి వచ్చే తల్లులకు ఆ సంగతి చెప్పండి. భోజనానికి వచ్చినా ఆ సాయం పోదు.

మూడో అడుగు: డబ్బు

మీరు సైట్‌గా ఉన్నా ఈ లెక్క అర్థం చేసుకోవాలి. రేట్లు ఏటా జనవరిలో మారతాయి. ఈ మధ్య సంవత్సరాల్లో ఒక లంచ్‌కి స్పాన్సర్‌కు దాదాపు 5 డాలర్లు వస్తోంది. సొంతంగా వండే సైట్లకూ, పల్లె సైట్లకూ కాస్త ఎక్కువ. తిండి, ప్లేట్లు, వంటవాళ్ల జీతం, రవాణా, ఆఫీసు ఖర్చు అన్నీ అందులోంచే రావాలి.

బడ్జెట్‌ని ఆశతో వేయకండి. హాలులో వందమంది పడతారు కాబట్టి వంద భోజనాలు అని రాస్తే, మొదటి వారం ముప్పైమంది వస్తారు, డెబ్భై భోజనాలు మిగులుతాయి. పిల్లల చేతికి అందని భోజనానికి డబ్బు రాదు. మొదటి వారం తక్కువ తెప్పించి, హాజరు చూసి పెంచుకుంటూ వెళ్లండి. ఏ రోజు ఎంతమంది వచ్చారో వరుసగా రాసుకుంటే ఒక తీరు కనిపిస్తుంది. జూలై 4 సెలవు వారంలో తగ్గుతుంది, వాన పడితే తగ్గుతుంది, లైబ్రరీలో ఏదైనా కార్యక్రమం ఉన్న రోజు పెరుగుతుంది. కొద్దిమంది పిల్లలకు రెండో భోజనం ఇచ్చినా కొంతవరకు క్లెయిమ్ చేయవచ్చు, కానీ మొదటి భోజనాల మొత్తంలో 2 శాతం దాటకూడదు. అందుకని ఎక్కువ తెప్పించి, మిగిలితే రెండోసారి వడ్డిద్దాం అనే లెక్క పనికిరాదు.

స్పాన్సర్ అయ్యాక ఎదురయ్యే అసలు టెన్షన్ చేతిలో డబ్బాడకపోవడం. జూన్‌లో ఖర్చుపెట్టినది చేతికి తిరిగి రావడానికి వారాలు పడుతుంది. దీనికి మందు నియమాల్లోనే ఉంది. రాష్ట్రాన్ని అడ్వాన్సు అడగవచ్చు. అడిగితేనే ఇస్తారు, కాబట్టి దరఖాస్తులోనే అడగండి. నెల చివరిరోజు నుంచి 60 రోజుల్లో ఆ నెల క్లెయిమ్ పంపాలి. ఆ గడువు దాటితే డబ్బు పోయినట్లే అనుకోండి. ఒక మినహాయింపు ఉందిగానీ దానిమీద ఆధారపడవద్దు.

విరాళాలు ఎక్కడ వాడాలి? రీయింబర్స్‌మెంట్ రానివాటికి. పిల్లలతో వచ్చిన అమ్మకో అమ్మమ్మకో పెట్టే భోజనానికి ప్రభుత్వ డబ్బు రాదు. పక్కన బిడ్డ తింటుంటే తల్లి ఆకలితో చూస్తూ కూర్చోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. మీ సంఘం దాతలు ఏదైనా ఒక్కటి ఇవ్వగలిగితే, అది పెద్దల భోజనం ఖర్చు అయితే బాగుంటుంది. దాని లెక్క మాత్రం విడిగా రాయాలి, పిల్లల సంఖ్యలో కలపకూడదు. ఫ్రిజ్, వేడి నిలిపే పెట్టెలు, గుడారం, బస్సు ఖర్చు, ఆటవస్తువులు కూడా విరాళాలకు తగినవే. నో కిడ్ హంగ్రీ వంటి జాతీయ సంస్థలు ఇలాంటి సామగ్రికి గ్రాంట్లు ఇస్తాయి. వాటికి దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో చలికాలంలోనే కనుక్కోండి.

భోజనం డబ్బుకి విడి బ్యాంకు ఖాతా ఉండాలి. సంఘం పండగ ఖర్చులు, భోజనం ఖర్చులు ఒకే ఖాతాలో కలిశాయంటే, ఎంత నిజాయితీపరులైనా ఆడిట్‌లో జవాబు చెప్పలేరు. మిన్నెసోటాలో ఫీడింగ్ అవర్ ఫ్యూచర్ అనే సంస్థ చుట్టూ జరిగిన కేసు ఈ రంగంలో అందరికీ తెలుసు. పిల్లలకు పెట్టని భోజనాలను పెట్టినట్లు చూపించి సుమారు 25 కోట్ల డాలర్లు కాజేశారని 2022 సెప్టెంబరులో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 47 మందిపై కేసులు పెట్టారు. ఇలాంటి కేసు బయటపడ్డాక తనిఖీలు గట్టిగా ఉంటాయి. ఉండాలి కూడా. కాగితాలు సరిగ్గా ఉన్న సైట్‌కి తనిఖీ అంటే భయం ఉండదు.

నాలుగో అడుగు: పళ్లెంలో ఏముండాలి

లంచ్‌లో ఇవన్నీ ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది: ఒక కప్పు పాలు, రెండు రకాల కూరగాయలు లేదా పళ్లు కలిపి ముప్పావు కప్పు, బ్రెడ్ లేదా ఇతర ధాన్యం ఒక సర్వింగ్, మాంసం లేదా దానికి బదులు 2 ఔన్సులు. ఉదయం టిఫిన్‌కి పాలు, అరకప్పు పండు లేదా కూరగాయ, ధాన్యం చాలు. రోజుకి మామూలుగా రెండు పూటలకే డబ్బు ఇస్తారు, అందులో లంచ్, సప్పర్ రెండూ ఒకే రోజు కుదరవు. క్యాంపులకు మూడు పూటలు ఇస్తారు.

మాంసానికి బదులు అన్న మాట మనవాళ్లకు ముఖ్యం. ఉడికిన పప్పు లేదా బీన్స్ అరకప్పు ఆ 2 ఔన్సులకు సరిపోతుంది. ఒక పెద్ద గుడ్డు సరిపోతుంది. పెరుగు ఒక కప్పు సరిపోతుంది. కాబట్టి పూర్తి శాకాహార మెనూ నడపడం సాధ్యమే. ఒకే భోజనంలో అదే పప్పును కూరగాయగా, మాంసానికి బదులుగా రెండుసార్లు లెక్కించకూడదు. పాలు అరగని పిల్లలకు లాక్టోజ్ లేని పాలు ఇవ్వవచ్చు, అవి పాలకిందే లెక్క.

మెనూ మీ ఇష్టానికి కాదు, తినే పిల్లల ఇష్టానికి పెట్టండి. మొదటి వారం చెత్తడబ్బా దగ్గర ఒకరిని నిలబెట్టి ఏవి పారేస్తున్నారో రాయించండి. అంతకన్నా మంచి సర్వే లేదు.

ఐదో అడుగు: తిండి వల్ల ఏ బిడ్డకూ హాని రాకుండా

ఇక్కడ నిదానంగా చదవండి.

ఇంట్లో వండి తేవడం కుదరదు. మన ఆడవాళ్లు, మగవాళ్లు ప్రేమతో వందమందికి అలవోకగా వండగలరు. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. కానీ ఆరోగ్య శాఖ లైసెన్సు ఉన్న వంటగదిలో వండిన భోజనమే పథకంలో చెల్లుతుంది. ఇంటి కిచెన్‌లో ఎంత వేడికి వండారు, ఎంతసేపు బయట ఉంది, ఏ గరిటె ఎందులో పెట్టారు అన్నది ఎవరికీ తెలియదు. ఎవరైనా బిడ్డ జబ్బుపడితే కారణం కనుక్కోవడానికి దారి ఉండదు. ఈ నియమాన్ని వాలంటీర్ల మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. చివరిరోజు ఒక ఆంటీ స్వీటు డబ్బా పట్టుకొస్తే అప్పుడు వద్దనడం ఇద్దరికీ కష్టం.

మీ బల్లమీద ఉండాల్సిన సంఖ్యలు ఇవి. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకన్నా పైన. చల్లని పదార్థం 41 లేదా అంతకన్నా కింద. ఈ రెండింటి మధ్యే బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మీరు వండుతుంటే కోడిమాంసం లోపల 165, ఖైమా 155 చేరాలి. ఫ్రిజ్‌లోంచి తీసి మళ్లీ వేడి చేసేది 165 చేరాలి. మిగిలినది చల్లార్చి దాచాలంటే 135 నుంచి 70కి 2 గంటల్లో, అక్కడినుంచి 41కి ఇంకో 4 గంటల్లో దిగాలి. పెద్ద గిన్నె అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడుమ భాగం గంటలపాటు వెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ ట్రేల్లోకి పలచగా పరిచి పెట్టండి. అసలు సైట్‌లో మిగిలినది దాచకపోవడమే మొదటి ఏడాది మంచి పద్ధతి.

సైట్‌గా ఉన్నా థర్మామీటర్ వాడాల్సిందే. వ్యాన్ వచ్చిన వెంటనే, పెట్టె దింపేముందే, ప్రతి పదార్థం ఉష్ణోగ్రత చూసి, సమయం రాసి, సంతకం పెట్టండి. వేడిది 120 చూపిస్తే, చల్లనిది 50 చూపిస్తే తీసుకోకండి. డ్రైవరు మొహమాటపెట్టినా, బయట పిల్లలు ఎదురుచూస్తున్నా సరే. ఇలాంటి రోజుకోసం స్పాన్సర్‌తో ముందే మాట్లాడి, ఫ్రిజ్ అక్కరలేని అత్యవసర భోజనాలు కొన్ని దాచి ఉంచండి. అవి ఉంటే కాదనడానికి ధైర్యం వస్తుంది. థర్మామీటరే తప్పు చెబుతుందేమో వారానికోసారి చూడండి. గ్లాసునిండా ఐసు వేసి నీళ్లు పోసి ముంచితే 32 చూపించాలి.

బయట పార్కులో వడ్డిస్తుంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎండ 90 డిగ్రీలు దాటిన రోజు, చల్లగా ఉండాల్సిన తిండి గంటకంటే ఎక్కువ బయట ఉండకూడదు. పాలడబ్బాలు ఐసు నిండిన కూలర్‌లో ఉంచి, ఒక్కొక్కటిగా తీసి ఇవ్వండి. బల్లమీద ముందే పేర్చితే చూడ్డానికి బాగుంటుంది, కానీ పదిహేను నిమిషాల్లో వేడెక్కుతాయి. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజుల్లో ఏం చేయాలన్నది స్పాన్సర్ రాష్ట్రంతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

చేతులు. వడ్డించేవాళ్లు 20 సెకన్లు సబ్బుతో కడుక్కుని, గ్లవ్స్ వేసుకోవాలి. గ్లవ్స్‌తో ఫోన్ పట్టుకుంటే అవి మార్చాలి. వాంతులు, విరేచనాలు ఉన్న వాలంటీర్ లక్షణాలు తగ్గాక కనీసం 24 గంటలు తిండి దగ్గరికి రాకూడదు. మీ కౌంటీ అంతకన్నా ఎక్కువ అడిగితే అదే పాటించండి. పిల్లలు కూడా తినేముందు కడుక్కోవాలి. పార్కులో కుళాయి లేకపోతే పంపు ఉన్న నీళ్ల డబ్బా, సబ్బు, టిష్యూలు పెట్టండి.

అలర్జీలు. అమెరికా చట్టంలో ముఖ్యమైన అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతలవంటివి, బాదం జీడిపప్పు వంటి గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి నుంచి ఈ జాబితాలోకి వచ్చాయి. రోజువారీ మెనూలో వీటిలో ఏవి ఉన్నాయో పెద్ద అక్షరాలతో, ఆ పేటలో మాట్లాడే భాషల్లో అంటించండి. ఒక బిడ్డ వైకల్యం లేదా తీవ్ర అలర్జీ వల్ల వేరే భోజనం కావాలని వైద్య నిపుణుడి కాగితం తెస్తే, ఏర్పాటు చేయడం మీ బాధ్యత, దయ కాదు. చిన్నపిల్లలుంటే ద్రాక్షపళ్లు నిలువుగా కోసి ఇవ్వండి.

తిండి ఒక్కటే కాదు. ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఒక బిడ్డతో మూసిన గదిలో ఉండకూడదు. వాలంటీర్లందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించండి. రెండు వారాలకోసారి వచ్చేవాళ్లకు కూడా.

ఆరో అడుగు: వడ్డించే గంట

లెక్క రాసే మనిషి వరుస చివర, పళ్లెం పూర్తయ్యే చోట కూర్చోవాలి. పూర్తి భోజనం పిల్లవాడి చేతికి అందిన క్షణంలోనే ఒక గీత కొట్టాలి. ఉదయం వచ్చిన పెట్టెలు లెక్కపెట్టి, సాయంత్రం మిగిలినవి తీసేసి సంఖ్య రాయడం చెల్లదు. ఆ కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టాలి. శుక్రవారం కూర్చుని వారమంతా గుర్తుచేసుకుని నింపితే అన్ని రోజులకూ ఒకే సంఖ్య వస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు మొట్టమొదట పట్టుకునేది అదే.

ఆమోదించిన సమయంలోనే వడ్డించాలి. 12 నుంచి 1 అని రాసిచ్చాక, పిల్లలు పావు తక్కువకే వచ్చారని మొదలుపెట్టకండి. ముందు వచ్చినవాళ్లకు కథో బొమ్మలో ఏర్పాటు చేయండి. ఎవరికైనా పాలు వద్దనిపిస్తే, తెరవని డబ్బా పెట్టడానికి షేర్ టేబుల్ అనే బల్ల ఉంచండి. ఆకలిగా ఉన్న ఇంకో బిడ్డ తీసుకుంటాడు. దీనికి కౌంటీ ఆరోగ్య శాఖ అభ్యంతరం లేదని ముందే కనుక్కోండి. ఇంటికి ఒక పండో బ్రెడ్డో తీసుకెళ్లడానికి చాలా స్పాన్సర్లు ఒప్పుకుంటారు, మిగిలినదంతా అక్కడే తినాలి.

ఓపెన్ సైట్‌లో పిల్లల్ని ఏమీ అడగకండి. పేరు, ఆదాయం, ఎక్కడినుంచి వచ్చారు, ఏ పత్రాలున్నాయి అన్నవి అవసరం లేదు, దరఖాస్తూ లేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఈ భయం గట్టిగా ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు, అందరికీ ఉచితం అని బోర్డుమీద స్పానిష్‌లోనూ రాయండి. ఆ ఒక్క బోర్డు వల్ల వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు.

ప్రచారం బడి ఆఖరి రెండు వారాల్లో జరగాలి. స్కూల్ నర్సు, కౌన్సిలర్, బస్సు డ్రైవర్లకు ఏ పిల్లలకు అవసరమో తెలుసు. వాళ్ల చేతికి కరపత్రాలివ్వండి. భోజనంతోపాటు ఏదో ఒక కార్యక్రమం ఉంటే హాజరు నిలబడుతుంది. చెస్, బొమ్మలు గీయడం, లెక్కల సాయం, ఏదైనా సరే. భోజనానికి మాత్రమే రమ్మంటే టీనేజర్లు సిగ్గుపడతారు. బాస్కెట్‌బాల్‌కి రమ్మంటే వస్తారు, ఆడాక తింటారు.

బడి తెరిచాక

వేసవి భోజనం నడిపినవాళ్లకు బడి భోజనం లెక్కలు కూడా సులువుగా అర్థమవుతాయి, తల్లిదండ్రులుగా అక్కడ చేయగలిగింది చాలా ఉంది. బడి ఆహార విభాగానికీ డబ్బు వచ్చేది వడ్డించిన భోజనాన్ని బట్టే. కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 లోపుంటే లంచ్‌కి గరిష్ఠంగా 40 సెంట్లు. ఫారం నింపని అర్హుల వల్ల బడి డబ్బు కోల్పోతుంది. ఆ ఫారంలో పౌరసత్వం అడగరు. నింపడానికి భాష రాని కుటుంబాలకు ఓపెన్ హౌస్ రోజు పక్కన కూర్చుని సాయం చేయండి.

అంతకన్నా పెద్ద మార్పు కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్. ఇందులో చేరిన బడిలో ఎవరినీ ఫారం అడగకుండా అందరికీ ఉచితంగా పెడతారు. స్నాప్ (తక్కువ ఆదాయ కుటుంబాలకు ప్రభుత్వ ఆహార సాయం) వంటి పథకాల ద్వారా నేరుగా అర్హులైన పిల్లలు 40 శాతం ఉండాలన్న నియమాన్ని 2023లో 25 శాతానికి తగ్గించారు. మీ డిస్ట్రిక్టులో ఏ బడులు ఆ గీత దాటాయో, దాటినవి ఎందుకు చేరలేదో స్కూల్ బోర్డు మీటింగ్‌లో అడగండి. శాతం బాగా తక్కువగా ఉంటే ఫెడరల్ డబ్బు ఖర్చంతటికీ సరిపోదన్నది నిజమే. తేడా ఎంత, ఎవరు భరిస్తారు అన్న చర్చ అక్కడినుంచి మొదలవుతుంది.

భోజనం బాకీల సంగతీ కనుక్కోండి. వసూలు కాని బాకీని ఫుడ్ సర్వీస్ ఖాతా డబ్బుతో కొట్టేయకూడదు, వేరే నిధులు కావాలి. సంఘం తరఫున విరాళం ఇస్తే ఆ బాకీలు తీరతాయి. ఇచ్చేముందు ఒక షరతు అడగండి: బాకీ ఉన్న బిడ్డ చేతిలోంచి ట్రే తీసుకోవడం, వేరే భోజనం ఇచ్చి వేరుగా చూపించడం ఆ బడిలో ఉండకూడదని. వంటగది శుభ్రత గురించి అడగడానికి మొహమాటపడకండి. బడులకు ఏడాదికి రెండు ఆరోగ్య తనిఖీలు జరగాలి, చివరి నివేదిక అందరికీ కనిపించేలా అంటించాలి.

ఆగస్టులో మీ సైట్ మూసినరోజు రోజువారీ లెక్కలు, ఉష్ణోగ్రత కాగితాలు, డెలివరీ రసీదులు, శిక్షణ హాజరు పట్టీ ఒకే ఫైలులో పెట్టి స్పాన్సర్‌కి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మూడేళ్లు దాచాలి. సెప్టెంబరులో ఆ సంఖ్యలు పట్టుకుని దగ్గరి బడి ప్రిన్సిపల్‌ని, లైబ్రరీ మేనేజర్‌ని కలవండి. వచ్చే వేసవికి చోటు, వంటగది అప్పుడే అడగండి. జనవరిలో అడిగేసరికి క్యాలెండర్ వేరేవాళ్లతో నిండిపోయి ఉంటుంది.